ఊదింది ముత్యం

ముత్యం గెలిచిన కొట్లాట నేను ఒక్కటే చూశాను. సూరత్ పాండేసరలో ఒక పెళ్లి బరాత్‌లో, రోగం రావడానికి రెండేళ్ల ముందు. ఆ పెళ్లికి వంట నాది. అన్నం దించి, చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చేసరికి పెళ్లికొడుకు మేనమామ బ్యాండును నడిరోడ్డు మీద ఆపి నిలబెట్టాడు. ఆయన పేరు బ్రహ్మచారి. పేరు అదేగానీ ముగ్గురు పిల్లలు, నాలుగోది కడుపులో. రంగుల మిల్లులో సూపర్‌వైజరు. పనివాళ్ల మీద అరిచి అరిచి ఆయన గొంతు పెళ్లిలో కూడా దిగేది కాదు.

"ఏందిరా, పాట ఖరాబు జేస్తున్నవ్? పాట ఊదుమంటే అటు వోతున్నవ్, ఇటు వోతున్నవ్. తాగినవా?" అన్నాడు. తాగింది ఆయన.

ముత్యం శాక్సఫోను నోట్లోంచి తీశాడు. నలభై అయిదు దాటిన సన్నటి మనిషి. బ్యాండు ఎర్ర కోటు భుజాల మీద నిలవక జారుతుండేది.

"అసలు పాట ఎట్లుంటదన్నా?" అని అడిగాడు, మర్యాదగానే.

"ఎట్లుంటదంటే? సినిమాల ఎట్లుంటదో గట్లనే."

"జర పాడి జూపెట్టు. నువ్వెట్ల పాడితే నేను గట్లనే ఊదుత. ఇసుమంత ఇటుగాదు, అటుగాదు."

జనం ఈలలు వేశారు. బ్రహ్మచారి రొమ్ము విరుచుకుని పాడాడు. రెండు వరుసలు పాడాడు, మూడోది మరిచిపోయాడు, దగ్గాడు, మళ్లీ మొదటికి వచ్చాడు. ముత్యం కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత ఊదాడు. గొంతు చీలినచోట చీలింది, శ్రుతి తప్పినచోట తప్పింది. మూడో వరుస దగ్గర మనిషి నీళ్లు నమిలితే ఆ ఇత్తడి గొట్టం కూడా నీళ్లు నమిలింది. చివరికి దగ్గును కూడా ఊదాడు. పెళ్లికొడుకు నవ్వలేక గుర్రం మెడ పట్టుకుని వేలాడాడు.

అక్కడితో ఆపితే అది హాస్యం. ముత్యం ఆపలేదు. బ్రహ్మచారి ఎటు పోతే అటు తిరిగి ఆ పాటే ఊదాడు. భోజనాల దగ్గర ఆయన విస్తరి ముందు కూర్చోగానే గుమ్మంలో నిలబడి ఒక్క దగ్గు ఊదాడు. పంక్తి అంతా నవ్వింది. మనిషి ముద్ద ముట్టకుండా లేచి పోయాడు. ఆ కడుపుతో ఉన్న భార్య కూడా తినకుండా ఆయన వెంటే పోయింది. నేను గరిటె పట్టుకుని నవ్వాను. నవ్వలేదని ఇప్పుడు చెబితే కళ్లు పోతాయి.

బ్యాండు యజమాని సోమలింగం నవ్వలేదు. ఆ పెళ్లిళ్ల కాలమంతా శాక్సఫోను ఇంకొకడి మెడలో వేసి, ముత్యం నెత్తిన లైటు పెట్టాడు. బరాత్‌కు అటూ ఇటూ ట్యూబులైట్ల చట్రాలు మోసుకుంటూ నడుస్తారే, ఆ పని. ఇరవై ఏళ్లు ముందు నడిచిన మనిషి నెత్తిన చట్రం పెట్టుకుని, వేరేవాడు తప్పు ఊదుతుంటే వింటూ నడిచాడు.

ముత్యం సిరిసిల్ల దిక్కువాడు. పద్దెనిమిదేళ్లప్పుడు సాంచాల మీద పనికి సూరత్ వచ్చాడు. మరమగ్గాన్ని మా వాళ్లు సాంచ అంటారు. షెడ్డులో యాభై సాంచాలు ఒక్కసారి ఆడితే పక్కవాడు చచ్చినా వినపడదు. ఆ మోతలో ఇతని చెవులు పోవాల్సింది పోయి పదునెక్కాయి. వాటిలో ఒక సాంచకు పళ్లచక్రం అరిగి కుంటేదట. మిగతావి టకటక అంటుంటే అదొక్కటి టక్క... ట, టక్క... ట అనేది. ఆ నడక తలకెక్కిందని చెప్పేవాడు. తర్వాత బ్యాండులో చేరి క్లారినెట్టు, దాని మీద నుంచి శాక్సఫోను నేర్చాడు. ఏ పాట ఊదినా రెండో చుట్టుకు కుంటేది, మూడో చుట్టుకు దారి తప్పేది, నాలుగో చుట్టుకు ఎక్కడినుంచో తిరిగి వచ్చి పాటలో పడేది. ఆడేవాళ్లు తట్టుకుని పడేవాళ్లు. తిట్లు తినేవాడు.

నా మెస్సులో పదిహేనేళ్లు తిన్నాడు. భార్య ఊర్మిళ ఇంట్లో కూర్చుని చీరలకు తళుకు టిక్కీలు అంటించేది. ఒక్కో చీరకు వేయి టిక్కీలు. వంట చేయడానికి చేతుల జిగురు వదిలేది కాదు. అందుకే ఇద్దరికీ కూడు నా దగ్గరే. తిన్నాక నా వెనక గోడ దగ్గర సాధన చేసేవాడు. పిల్లులు పారిపోయేవి. పిల్లులకున్న బుద్ధి నాకు లేకపోయింది, నేను వింటూ ఉండేదాన్ని.

బ్యాండులో ఒక కట్టడి ఉంది, అది చెప్పాలి. డోలు మీద, కోటు జేబు మీద, కార్డు మీద సేటు పేరొక్కటే ఉంటుంది. పెళ్లిలో ఎవరైనా వచ్చి బాగా ఊదావు, నీ పేరేమిటని అడిగితే ఊదినవాడు సొంత పేరు చెప్పకూడదు. చెబితే అది గిరాకీ దొంగతనం. ఆ మనిషి రేపు సేటును వదిలి నేరుగా నిన్నే పిలుస్తాడు కదా. అందుకని చేరిన రోజే వాయిద్యం మీద చెయ్యి పెట్టించి, ఈ సామాను నా మెడలో ఉన్నంతసేపు నా పేరు సోమలింగం అని మూడుసార్లు అనిపిస్తారు. ఒకడు ఏమరుపాటున సొంత పేరు చెప్పాడు. వాడి కోటు అక్కడికక్కడే విప్పించి, డిసెంబరు చలిలో బనియనుతో బరాత్ చివరిదాకా నడిపించాడు సోమలింగం. ముత్యం ఇరవై రెండేళ్లు ఆ మాట నిలబెట్టాడు. గొట్టం మెడలో ఉన్నప్పుడు పేరు అడిగితే చాలు, నోరు దానంతటదే "సోమలింగం బ్యాండు, పాండేసర" అనేది.

రెండు వేల ఇరవై మార్చిలో అన్నీ మూశారు. మిల్లులు ఆగాయి, పెళ్లిళ్లు ఆగాయి. సోమలింగం వాయిద్యాలన్నీ అమ్రోలిలో తన ఇంటి గదిలో పెట్టి తాళం వేసుకున్నాడు. గొట్టం సేటుది, కానీ నోట్లో పెట్టుకునే ముక్క ఎవరిది వాళ్లదే, ఎంగిలి కదా. ముత్యానికి మిగిలింది ఆ ముక్క ఒక్కటే. జనం రైళ్ల కోసం ఎండలో వరుసలు కడితే ఇతను పోలేదు, ఊళ్లో ఎవరూ లేరు. నా వెనక గోడ దగ్గర కూర్చుని ఆ ముక్కను ఊదేవాడు. గొట్టం లేని ముక్క బాతుపిల్ల అరిచినట్టు అరుస్తుంది. రెండు నెలలు విన్నాను. ఒకరోజు బియ్యం కడిగిన నీళ్లు నెత్తిన గుమ్మరించాను. తుడుచుకుని మళ్లీ ఊదాడు.

సుహాస్ వచ్చింది ఆ రోజుల్లోనే. రాజమండ్రి పిల్లవాడు, ముప్పై ఏళ్లు, హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరు, డుమస్ రోడ్డు మీద అపార్టుమెంటులో ఒక్కడే ఉండేవాడు. నా క్యారియరు కోసం తానే కారు వేసుకుని వచ్చేవాడు. బాతు అరుపు విని గుమ్మంలో ఆగాడు.

"ఎవరండీ అది, మామ్మగారూ?"

"మనిషే బాబూ. బాతుకు పుట్టిండు."

"కాదండీ, వినండి. ఆ ఒక్క స్వరాన్ని ఎన్ని రకాలుగా వంచుతున్నారో చూడండి."

సుహాస్‌కు ఒక పిచ్చి ఉంది. కీబోర్డు వాయిస్తాడు, జాజ్ అనే సంగీతం. అతనివాళ్లు ఇంకో ముగ్గురు. డోళ్లు వాయించేవాడు పుణెలో, అతని డోళ్లు ఎక్కడో తాళం వేసిన గదిలో ఉంటే వంటింటి డబ్బాల మీద వాయిస్తున్నాడు. పెద్ద తీగల వాయిద్యం వాయించే అమ్మాయి బెంగళూరులో. గిటారువాడు షిల్లాంగులో. నలుగురూ ఒక గదిలో కూర్చోలేరు గనుక ఒకరు వాయించి ఫోనులో పంపితే, రెండోవాళ్లు దాని మీద వాయించి పంపేవాళ్లు. అలా అయిదు పాటల రికార్డు తయారవుతోంది. అన్నిటి మీదా చివర శాక్సఫోను పడాలి. ఆ ఊదేవాడు మంచం పట్టాడు.

సుహాస్ ఇంట్లో గోడకు ఒక శాక్సఫోను వేలాడుతుండేది. సరదాకు కొన్నాడట, నేర్చుకోలేదు. ముత్యం తన ముక్క జేబులో వేసుకుని వెళ్లాడు. క్యారియరుతో నేనూ వెళ్లాను, ఆ ఇల్లు ఎలా ఉంటుందో చూద్దామని.

"అంకుల్, జాజ్ అంటే ఏం లేదండీ. మొదట పాట ఉన్నది ఉన్నట్టు వాయిస్తాం. ఆ తర్వాత మీ ఇష్టం, ఎక్కడికైనా వెళ్లండి. ఎంత దూరం వెళ్లినా పర్లేదు. చివర్లో మళ్లీ ఇంటికొచ్చేయాలి, అంతే," అన్నాడు సుహాస్.

ముత్యం నా వైపు చూశాడు. "అక్కా, గిదేంది? నేను ఇరవై ఏండ్ల సంది తిట్లు తిన్నది గీ పనికే గద. గీళ్లు దీనికి పేరు గూడ పెట్టుకున్నరు."

"నిన్ను తిట్టెటోళ్లు గీడ లేరుగాని ఊదు," అన్నాను.

ఊదడం మొదలుపెడితే ఇంకో గొడవ. ముత్యం నిలబడి ఊదలేడు. ఇరవై రెండేళ్లు రోడ్డు మీద నడుస్తూ ఊదినవాడు, కాళ్లు ఆగితే ఊపిరి ఆగుతుంది. గదంతా తిరిగాడు. చెప్పుల చప్పుడు రికార్డులో పడుతోందని సుహాస్ చెప్పులు విప్పించాడు, పరుపులు పరిచాడు, గోడలకు బొంతలు కట్టాడు. ఆ పరుపుల మీద పడవలో నడిచినట్టు ఊగుతూ, చెమటలు కక్కుతూ, సుహాస్ మైకు పట్టుకుని వెంట తిరుగుతుంటే ఊదాడు. ఆ పాటకు సుహాస్ పెట్టిన పేరు 'రెండో షిఫ్టు'. రెండో చుట్టుకు ఆ కుంటి సాంచ వచ్చింది. సుహాస్ మైకు పట్టుకునే ఏడ్చాడు. జాజ్‌కు ఆ నడకే ప్రాణమట, ఏళ్ల తరబడి సాధన చేసినా తనకు పట్టుబడలేదట. ముత్యం జాలిగా చూసి, "పళ్లచక్రం అరగాలె బాబూ," అన్నాడు.

వారం రోజుల్లో అయిదు పాటలూ అయ్యాయి. అవి కాక ఊరికే ఊదినవి ఇంకో నాలుగు. చివరి రోజు, గొట్టం ఇంకా మెడలో ఉండగానే సుహాస్ ఫోను తీసి అడిగాడు.

"అంకుల్, రికార్డు కంపెనీకి ఫారం పంపాలండీ. మీ పేరు ఏమని వేయమంటారు?"

"సోమలింగం బ్యాండు, పాండేసర," అన్నాడు ముత్యం, చెమట తుడుచుకుంటూ.

సుహాస్ సోమలింగం అని కొట్టేశాడు. ముత్యం అనేది ఇంట్లో పిలిచే పేరు, కాగితాల మీది పేరు అది అనుకున్నాడు. నేను క్యారియరు గిన్నెలు సర్దుతున్నాను. విన్నాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ పొద్దున్నే ముత్యం నా పప్పును నలుగురి ముందు ఖాడీ నీళ్లతో పోల్చాడు. ఖాడీ అంటే మిల్లుల రంగు నీళ్లు పారే మురికి కాలువ. ఏడువు, నీ సేటు పేరే మోయి అనుకుని మూత బిగించాను. అంతకు మించి ఏమీ లేదు. ఇంత అవుతుందని తెలిస్తే చెప్పేదాన్నేమో. ఏమో.

రెండు వేల ఇరవై ఒకటి ఫిబ్రవరిలో రికార్డు విడుదలైంది. కొట్టులో కొనేది కాదు, ఫోనులో వినేది. ఆ నెల కొత్తగా వచ్చిన జాజ్ రికార్డుల గురించి ఎవరో ఇంగ్లీషులో రాశారట, సుహాస్ మెస్సుకు వచ్చి, అందరూ తింటుండగా నిలబడి తెలుగులో చెప్పాడు.

"వినండి అంకుల్. నలుగురు చదువుకున్న కుర్రాళ్లు జాగ్రత్తగా ఒక ఇల్లు కట్టారు, అయిదో మనిషి వచ్చి తలుపులన్నీ తన్ని తెరిచాడు అని రాశారండీ. సూరత్ నుంచి వచ్చిన ఈ సోమలింగం ఇన్నాళ్లూ ఎక్కడున్నాడు అని అడుగుతున్నారు."

ముత్యం ముద్ద చేతిలోనే ఉంది. "ఎవరు?"

"మీరే కదండీ."

"నేను ముత్యం."

"కాగితాల మీద సోమలింగం కదండీ. మీరే చెప్పారు."

ముత్యం చేతిలో ముద్ద కంచంలో పడింది. పక్కవాళ్లు నవ్వారు. బ్యాండు కట్టడి సుహాస్‌కు ఎవరో విడమరిచి చెప్పారు. పాపం అతను తల పట్టుకున్నాడు. "మార్చేద్దామండీ, పెద్ద పనేం కాదు. వేసవిలో రెండో రికార్డు వేస్తాం, మీరు ఊరికే ఊదినవాటితో. అప్పుడు రెండూ ఒకేసారి మార్పిస్తాను," అన్నాడు. ముత్యం సరేనన్నాడు. నేను పప్పు వడ్డిస్తూ పోయాను.

ఆ వార్త అమ్రోలి చేరడానికి నాలుగు రోజులు పట్టింది. సోమలింగం శాక్సఫోను పట్టుకుని ఫొటో దిగి, దేశమంతా విన్న సోమలింగం అని బ్యానరు కట్టించాడు. ఆ మనిషికి ఊదడం రాదు, గొట్టం తలకిందులుగా పట్టుకున్నాడు. ముత్యం నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు, నా నోరు పెద్దదని. నా నోరు అవసరం పడలేదు. సోమలింగం ఉయ్యాల బల్ల మీద కూర్చుని, చాయ్ తాగుతూ, ఒక్కసారి కూడా గొంతు పెంచకుండా మాట్లాడాడు.

"నా పేరు జెప్పుమని నేను గిట్ల అడిగిన్నా ముత్యం?"

"లేదు సేటూ."

"ఎవరు జెప్పిండ్రు?"

"నేనే జెప్పిన. ఆదత్ పడ్డది సేటూ. గొట్టం మెడల ఉండె."

"నువ్వే జెప్తివి. మల్ల నా ఇంటికొచ్చి లొల్లి జేస్తున్నవ్. నువ్వు ఊదినవ్ కావచ్చు. ఇరవై రెండేండ్లు నీకు ఊదుడు నేర్పింది ఎవరి గొట్టం? నీ అయ్యదా?"

"నా పేరు నాకిచ్చెయ్ సేటూ. బ్యానరు ఉంచుకో. ఫోన్ల పేరొక్కటి ఇయ్యి."

"బ్యాండ్ల ఇద్దరు సోమలింగాలు పట్టరు," అని సోమలింగం కప్పు కింద పెట్టాడు. "కోటు ఇచ్చేసి పో. ఉతికి ఇయ్యి."

ముత్యం ఉతికి ఇచ్చాడు. ఇస్త్రీ కూడా చేయించాడు. అందుకు ఊర్మిళ వారం రోజులు దెప్పింది. "ఇస్త్రీ జేయించినవ్, ఇంత అత్తరు గూడ గొట్టకపోయినవా? పెండ్లికి పోతున్నది గద నీ కోటు. పేరు పేరు అని తిరుగు, పేరు నాకితే కడుపు నిండుతది."

ఏప్రిల్‌లో రోగం రెండోసారి వచ్చింది. మొదటిది ఆకలితో చంపింది, ఇది ఊపిరి తీసి చంపింది. మా వీధిలో రోజూ ఒక మంచం ఖాళీ అయ్యేది. సుహాస్ తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి చచ్చిపోయాడు. పేరు మార్పించమని కంపెనీకి ఉత్తరం రాశాడో లేదో ఎవరికీ తెలియదు. వాళ్ల నాన్న బండి పంపించి ఫ్లాటులో సామానంతా ఎత్తించుకున్నాడు. పరుపులు, బొంతలు, గోడ మీది శాక్సఫోను, అన్నీ రాజమండ్రి పోయాయి.

అదే వారం ముత్యం పడ్డాడు. ఆస్పత్రిలో మంచం దొరక్క రెండు రాత్రులు వరండాలో నేల మీద ఉన్నాడు. బతికాడు. బతికాడు అనే మాటను కూడా కొంచెం ఆలోచించి వాడాలి. నెల తర్వాత ఇంటికి పంపేటప్పుడు, ఊపిరితిత్తులు అట్టలు కట్టాయని, ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టుకుని కొన్ని నెలలు పీలిస్తే తేరుకోవచ్చని, లేకపోతే చెప్పలేమని డాక్టరమ్మ చెప్పింది. అప్పుడు ఆ మిషను సూరత్‌లో ఎవరికి దొరికింది? ఊర్మిళ చీరల అట్టముక్కతో విసిరేది. మంచం మీద నుంచి గుమ్మం దాకా నడిస్తే అతని పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగేవి. ఒకరోజు జేబులోంచి ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు. బుగ్గలు ఉబ్బాయి, మెడ నరాలు లేచాయి, బాతు అరవలేదు. ముక్కను చొక్కాకు తుడిచి ఊర్మిళకు ఇచ్చేశాడు. ఆమె దాన్ని టిక్కీల డబ్బాలో పడేసింది.

మే చివర, రికార్డు వేసిన బొంబాయి కంపెనీ నుంచి ఒక అమ్మాయి ముత్యం ఫోనుకు చేసింది. ఫారంలో సుహాస్ వేసిన నంబరు అది. నేను అంబలి తీసుకుని వెళ్లి ఉన్నాను. మాటలు బయటికి వినబడేలా ఊర్మిళ ఫోను పట్టుకుంది. సుహాస్ పోయాక ఆ రికార్డును చాలామంది వింటున్నారట. మిగిలిన నాలుగు పాటలను అతని జ్ఞాపకంగా విడుదల చేస్తారట. అందుకు శాక్సఫోను మనిషి ఒప్పుకోలు కావాలి.

"సోమలింగంజీ?" అంది.

"ముత్యం," అన్నాడు. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి తీసుకుంటూ జరిగింది చెప్పాడు. ఆ అమ్మాయి ఓపికగానే వింది. కానీ సోమలింగం అప్పటికే వాళ్లకు ఉత్తరం రాశాడు, ఫొటోతో సహా. ఫారంలోనూ ఆ పేరే ఉంది. పుణె మనిషీ బెంగళూరు అమ్మాయీ షిల్లాంగు అతనూ శబ్దం విన్నారే గానీ మనిషిని చూడలేదు. మీరే అయితే 'రెండో షిఫ్టు' ఊదుతూ ఒక వీడియో పంపండి, చాలు అంది. అది చాలా చిన్న పని అన్నట్టు చెప్పింది.

ముత్యం రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

"ఊదలేడమ్మా, ఊపిరి లేదు," అన్నాను నేను, నాకొచ్చిన హిందీలో.

అయితే రికార్డు చేసినప్పుడు గదిలో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పాలి, వీడియో ఫోనులో మొహం కనబడాలి, కాగితం మీద సంతకం చేసి పంపాలి అంది. గదిలో ఉన్నవాళ్లు ఇద్దరు. ఒకరు చచ్చారు. ముత్యం వేలెత్తి నన్ను చూపించాడు. శుక్రవారం పదకొండు గంటలకు చేస్తానని ఆ అమ్మాయి నా పేరు అడిగింది. వజ్రమ్మ అని చెప్పాను. రెండుసార్లు చెప్పాను, తప్పు రాసుకోకుండా.

ఆ నాలుగు రోజులూ ముత్యం కొంచెం మనిషిలా ఉన్నాడు. నేను ఏం చెప్పాలో నాకు నేర్పేవాడు. పరుపుల సంగతి చెప్పు, చెప్పులు విప్పించిన సంగతి చెప్పు, పేరు ఎట్ల పొరపాటయిందో చెప్పు అనేవాడు. పొరపాటు జరిగినప్పుడు నేను విని ఊరుకున్నానని అతనికి చెప్పలేదు. కంపెనీ అమ్మాయికి మాత్రం చెప్పాలనుకున్నాను, ఎలాగూ ముక్కూ మొహం తెలియని మనిషి. అద్దంలో చూసుకుంటూ రెండుసార్లు చెప్పుకుని చూశాను. మూడో తరగతితో ఆపేసినా నేను వేలిముద్ర వేసే మనిషిని కాదు. సంతకం పెడతాను.

గురువారం పొద్దున ఊర్మిళ మనిషిని పంపితే వెళ్లాను. గుమ్మంలో ఆక్సిజన్ మిషను ఉంది. చక్రాలున్నది, మా మెస్సు బియ్యం డబ్బా అంత. తీగ ఇంకా చుట్టచుట్టే ఉంది. సోమలింగం తల్లి మేలో పోయింది, ఆమె కోసం తెప్పించినది. ఇరవై రోజులుగా అమ్రోలిలో వాయిద్యాల గదిలోనే తాళం వేసి ఉంది. నాలుగు వీధులవాళ్లు అడిగినా ఇవ్వలేదు. శుక్రవారం నేను సాక్ష్యం చెప్పబోతున్నానని కంపెనీవాళ్ల ద్వారా తెలిసి సోమలింగం స్వయంగా తెచ్చాడట, స్టూలు మీద కూర్చున్నాడు, మాస్కు గడ్డం కింద పెట్టుకుని.

"ఏం వజ్రమ్మా, మంచిగున్నవా?" అన్నాడు.

"నేను మంచిగనే ఉన్న. నువ్వు గీడ ఏం జేస్తున్నవ్?"

"మనోడు గద. ఊపిరాడక సస్తుంటే సూసుకుంట ఉంటమా? ఎన్ని నెలలయిన ఉంచుకొమ్మన్న. కిరాయి గూడ వద్దన్న." ఒక కాగితం ముత్యం మంచం మీద పెట్టాడు. "గంతే. నేను బయట బీడీ తాగొస్త."

కాగితం హిందీలో రాసి ఉంది. ఊర్మిళ చదివింది, కళ్లెత్తకుండా. ఆ పాటలు ఊదింది సోమలింగమేనని, తాను లైటు మోసే మనిషినని, పేరు కోసం అబద్ధమాడానని ముత్యం ఒప్పుకుంటున్నట్టు. కింద ముత్యం సంతకం అప్పటికే ఉంది. దాని కింద సాక్షి అని రాసి ఖాళీగా ఉంచారు. తీగ ఎందుకు విప్పలేదో అప్పుడు అర్థమైంది.

"ఎందుకు పెట్టినవ్‌రా?" అన్నాను. "రేపు పదకొండుకు నేను జెప్తుంటిని గద. ఒక్క రోజు ఆగలేవా?"

ముత్యం నోరు తెరిచి, గాలి అందక, మళ్లీ మూశాడు. ఊర్మిళ వీపు నిమిరింది.

"నువ్వు జెప్తవక్కా," అన్నాడు, గాలి కూడదీసుకుని. "జెప్తే పేరొస్తది. మిషను వోతది."

"ఊదింది నువ్వు. నా కండ్లతోటి జూసిన."

"ఊదుడు అయిపోయింది. ఇగ పీల్చుకోవాలె."

"వేరే మిషను దెస్త. ఎక్కన్నన్న ఉంటది."

"ఇంటికొచ్చిన సంది తెస్తున్నవ్," అంది ఊర్మిళ. ఆ మాటలో కోపం కూడా లేదు. మంచం కింద నుంచి పెన్ను తీసి నా ముందు పెట్టింది. బయట సోమలింగం ఎవరితోనో ఫోనులో నవ్వుతూ మాట్లాడుతున్నాడు, వాన పడితే బరాత్‌లు ఆలస్యమవుతాయని.

ముత్యం నా చీర కొంగు పట్టుకున్నాడు. వేళ్లలో బలం లేదు, లాగితే ఊడిపోయేట్టున్నాయి. కాగితం మీద ఆ ఖాళీ చోటును చూపుడు వేలితో చూపించాడు.

"గీడ నువ్వు వెట్టాలె. గదిల ఉన్నది నువ్వొక్కదానివే గద, వేరేటోళ్లు వెడితే నమ్మరు. రేపు ఆ పిల్ల ఫోన్ జేస్తే..." ఆగాడు. ఊపిరి వచ్చేదాకా మేమిద్దరం ఆగాం. "రేపు ఫోన్ జేస్తే సేటే ఊదిండని జెప్పు. పరుపుల మీద సేటే నడిచిండని జెప్పు. నేను లైటు పట్టుకోని పక్కకున్ననని జెప్పక్కా."